ఫ్యామిలీ సిటీ అంటే ఎవరి ఫ్యామిలీకి? అమ్మానాన్నలతో కాలిఫోర్నియా ఫ్రీమాంట్ వెళ్లే ముందు

వైజాగ్ ద్వారకా నగర్ నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఇళ్లలో చిన్నోళ్ల కోసం. అక్కో అన్నయ్యో కాలిఫోర్నియాలో సెటిలై ఉంటారు. అమ్మానాన్నలని ఒకసారి రమ్మంటారు. టికెట్లు, ఫారాలు, ఇన్సూరెన్సు, ఫోన్ సెట్టింగులు మాత్రం ఇక్కడ ఉన్న మన మీద పడతాయి. ఎందుకంటే ఫోన్ మన చేతిలో ఉంటుంది కదా.

మా ఇంట్లో కూడా అదే జరిగింది. అక్కా బావా ఫ్రీమాంట్‌లో ఉంటారు. అమ్మానాన్నలతో పాటు నేను కూడా వెళ్లి కొన్ని వారాలు ఉండి వచ్చాను. ఇంటర్నెట్లో ఫ్రీమాంట్ అని కొట్టండి, ప్రతి చోటా ఒకటే మాట: ఫ్యామిలీ ఫ్రెండ్లీ సిటీ. అబద్ధం కాదు. కానీ ఏ ఫ్యామిలీకి ఫ్రెండ్లీ? ఇద్దరు సంపాదించే భార్యాభర్తలు, బడికెళ్లే పిల్లలు, గ్యారేజీలో రెండు కార్లు, ఆ ఫ్యామిలీకి. ఆరు నెలల వీసా స్టాంపుతో వచ్చి, కారు నడపని, ఇంగ్లీషు అంతంతమాత్రంగా మాట్లాడే అమ్మమ్మా తాతయ్యల్ని లెక్కలో పెట్టుకుని ఆ ఊరు కట్టలేదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ట్రిప్ బాగా జరుగుతుంది. తెలియకపోతే మూడో వారానికే అమ్మ "మనం ఎప్పుడెళ్దాం?" అని అడుగుతుంది.

అసలు ఫ్రీమాంట్ అంటే ఏంటి?

శాన్ ఫ్రాన్సిస్కో బే అని పెద్ద అఖాతం ఉంది. దానికి తూర్పు ఒడ్డున, కొంచెం దక్షిణంగా ఉంటుంది ఫ్రీమాంట్. పక్కనే శాన్ హోసే, సిలికాన్ వ్యాలీ. 2020 జనాభా లెక్కల్లో 2,30,504 మంది. మన వైజాగ్ కార్పొరేషన్‌లో 2011 లెక్కలకే 17 లక్షలు దాటారు, అంటే మనతో పోలిస్తే చిన్న ఊరే. ఊరి జనంలో సగం కంటే ఎక్కువ మంది ఆసియా మూలాలున్నవాళ్లు. మనవాళ్లూ చాలామంది. పొద్దున్నే పార్కులో నడుస్తుంటే వెనకాల నుంచి తెలుగు వినిపించడం అక్కడ మామూలే.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇది ఒక ఊరు కాదు, ఐదు ఊళ్లు. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు పాత ఊళ్లు 1956 జనవరిలో కలిసి ఒకే నగరం అయ్యాయి. అందుకే మొదటిసారి వెళ్లినవాళ్లకి "ఊరు మధ్యలో ఏముంటుంది?" అన్న ప్రశ్నకి జవాబు దొరకదు. మనకి వైజాగ్‌లో ఎవరు అడిగినా ఆర్టీసీ కాంప్లెక్స్, జగదాంబ, డాబా గార్డెన్స్ అని చెప్తాం. అక్కడ అలాంటి నడిబొడ్డు మొదటి నుంచీ లేదు. డౌన్‌టౌన్ అని ఒకటి ఇటీవలి కాలంలో కట్టుకుంటున్నారు.

బాగా పని ఉన్న ఊరు కూడా. 1962లో జనరల్ మోటార్స్ ఇక్కడ కార్ల ఫ్యాక్టరీ పెట్టి 1982లో మూసేసింది. 1984 నుంచి అదే చోట జనరల్ మోటార్స్, టయోటా కలిసి నడిపాయి. 2010లో టెస్లా కొనుక్కుంది. ఉక్కు ఫ్యాక్టరీ ఊరివాళ్లం కాబట్టి మనకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఫ్యాక్టరీ మూతపడితే ఊరికి ఎలా ఉంటుందో, మళ్లీ తెరుచుకుంటే ఎలా ఉంటుందో ఎవరూ మనకి చెప్పక్కర్లేదు.

కింద మెడికల్ షాపు ఎందుకు ఉండదు?

ద్వారకా నగర్‌లో మా లైన్ సంగతి చెప్తాను. అపార్ట్‌మెంట్ దిగితే జెరాక్స్ షాపు. పక్కన మెడికల్ షాపు. దాని పైన కోచింగ్ సెంటర్. ఎదురుగా టిఫిన్ బండి. పాలు కావాలన్నా, ఫోన్‌కి గాజు వేయించాలన్నా, బీపీ చూపించుకోవాలన్నా ఐదు నిమిషాల నడక. నాన్నకి తోచకపోతే పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి పేపర్లన్నీ తిరగేసి వస్తారు. అమ్మ సంపత్ వినాయకుడి గుడికి ఆటోలో ఒక్కతే వెళ్లి వస్తుంది. ఎవర్నీ అడగక్కర్లేదు.

అమెరికా శివారు ఊళ్లలో ఇల్లు ఒకచోట, షాపు ఇంకోచోట ఉండాలని రూలే ఉంది. దాన్ని జోనింగ్ అంటారు. ఒక స్థలంలో ఒక కుటుంబం ఉండే ఇల్లు మాత్రమే కట్టాలి, షాపు పెట్టకూడదు అనే రూలు ఫ్రీమాంట్‌కి దగ్గర్లోనే ఉన్న బర్క్‌లీలో 1916లో మొదలైందని చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత హైవేలు వచ్చాయి, కార్లు వచ్చాయి, ఈ పద్ధతి దేశమంతా పాకింది. ఇళ్లన్నీ లోపలి వీధుల్లో, షాపులన్నీ పెద్ద రోడ్ల మీద, మధ్యలో కారు. 2022 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం మార్చి, చాలాచోట్ల ఒక ఇంటి స్థలంలో రెండు ఇళ్లు కట్టుకునే వీలు ఇచ్చింది. కానీ ఎప్పుడో కట్టేసిన ఊరు అంత తొందరగా మారదు.

వైజాగ్‌లోనే దీనికి దగ్గరి ఉదాహరణ కావాలంటే ఉక్కునగరం గుర్తు తెచ్చుకోండి. సెక్టార్లు, వెడల్పాటి రోడ్లు, చెట్లు, నిశ్శబ్దం, క్వార్టర్లు ఒకవైపు, షాపింగ్ ఒకవైపు. చూడ్డానికి అలాగే ఉంటుంది. తేడా ఏంటంటే ఉక్కునగరంలో అందరూ ఒకే ప్లాంటు మనుషులు, పక్క క్వార్టర్ ఆవిడ ఎవరో అమ్మకి తెలుసు. ఫ్రీమాంట్‌లో పక్కింటివాళ్లు గ్యారేజీ తలుపు ఎత్తి కార్లో బయటికి వెళ్తారు, కార్లోనే లోపలికి వస్తారు. కనపడితే నవ్వుతారు, చెయ్యి ఊపుతారు, అంతే. గొడవ లేదు, కోపం లేదు. కానీ మాట కూడా లేదు.

మా అమ్మ రెండో వారంలో ఒక మాట అంది. "ఇల్లు బానే ఉందిరా, ఊరే ఎక్కడుందో కనపడట్లేదు." జోనింగ్ గురించి నేను ఇంతసేపు చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

మరి ఫ్యామిలీలు ఎందుకు ఎగబడతాయి?

మొదటి కారణం బడి. అక్కడ ప్రభుత్వ బడికే పంపిస్తారు, ఫీజు ఉండదు. కానీ ఏ బడి వస్తుందన్నది మీ ఇంటి అడ్రసుని బట్టి ఉంటుంది. మంచి పేరున్న బడి పరిధిలో ఇల్లు కావాలని అందరూ పోటీ పడతారు, ఇళ్ల రేట్లు పెరుగుతాయి. మిషన్ శాన్ హోసే హైస్కూల్ పరిధి అందుకు పెద్ద ఉదాహరణ. ఫ్రీమాంట్‌లో మామూలు ఇల్లు కూడా పది లక్షల డాలర్లు దాటేస్తుంది. మా అక్కా బావా ఇద్దరూ పొద్దున్న వెళ్లి సాయంత్రం వస్తారంటే కారణం ఇదే. అమ్మానాన్నల మీద ప్రేమ లేక కాదు, ఇంటి వాయిదా ఉంది కాబట్టి. ఈ లెక్క పెద్దవాళ్లకి వెళ్లే ముందే చెప్పండి. లేకపోతే "రమ్మని పిలిచి మమ్మల్ని వదిలేసి ఆఫీసుకెళ్తున్నారు" అని మనసులో పెట్టుకుంటారు.

రెండో కారణం పార్కులు, లైబ్రరీలు. ఇవి నిజంగా బాగుంటాయి, పైగా ఎక్కువ భాగం ఉచితం. మూడోది ప్రశాంతత. పిల్లలు వీధిలో సైకిల్ తొక్కుకుంటారు.

కాబట్టి మన పని ఏంటంటే, ఈ ఊరిలో ఉన్న మంచిని కారు లేకుండా అందుకునేలా పెద్దవాళ్లకి దారి వెయ్యడం. అది ఎలాగో ఇప్పుడు చూద్దాం.

బయల్దేరే ముందు: కాగితాలు, మందులు, సామాను

వీసా ఇంటర్వ్యూకి మన ఆంధ్రావాళ్లు హైదరాబాద్ కాన్సులేట్‌కి, అంటే నానక్‌రామ్‌గూడకి వెళ్లాలి. వచ్చిన వీసా మీద పదేళ్లు అని ఉండొచ్చు. దాన్ని చూసి చాలామంది పొరబడతారు. పదేళ్లు అనేది ఆ వీసాతో అమెరికా గుమ్మం దాకా వెళ్లొచ్చు అనే గడువు. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చన్నది ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ నిర్ణయిస్తారు. విజిటర్లకి మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. దిగిన మర్నాడే ప్రభుత్వ వెబ్‌సైట్లో పాస్‌పోర్టు నంబరు కొట్టి ఐ-94 తీసి, స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పిన్ చేసేయండి. తిరుగు టికెట్ ఆ తేదీ లోపలే ఉండాలి. ఇంకో సంగతి, విజిటర్ వీసా మీద జీతానికి ఏ పనీ చెయ్యకూడదు.

ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. అక్కడ ఎమర్జెన్సీకి వెళ్తే డబ్బులు లేవని తిప్పి పంపకూడదని 1986 నుంచి చట్టం ఉంది. చూస్తారు, ప్రాణం నిలబెడతారు. బిల్లు మాత్రం తర్వాత ఇంటికి వస్తుంది. ఆ బిల్లు మన అపార్ట్‌మెంట్ రేటంత ఉన్నా ఆశ్చర్యపోవద్దు. పాలసీ కొనేటప్పుడు ఒక్క లైను వెతకండి: ఇంతకుముందే ఉన్న జబ్బుల సంగతి ఏంటి? షుగరు, బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లకి చాలా పాలసీలు "హఠాత్తుగా ముదిరితేనే ఇస్తాం" అంటాయి. మామూలు చెకప్‌కి ఇవ్వవు. కాబట్టి చెకప్‌లు, పంటి పని, కళ్లద్దాలు అన్నీ వైజాగ్‌లో ముగించుకుని బయల్దేరండి.

మందులు ఉండేన్ని రోజులకి సరిపడా, అసలు ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీతో పట్టుకెళ్లండి. మన డాక్టర్ చీటీ చూపిస్తే అక్కడి మెడికల్ షాపులో మందు ఇవ్వరు. చీటీలో కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు రాయించుకోండి. కొన్ని పేర్లు మారతాయి కూడా. మన పారాసిటమాల్‌ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్‌ని ఆల్బ్యుటెరాల్ అంటారు. ఇది తెలియక షాపులో అరగంట నిలబడేవాళ్లున్నారు.

సామాను దగ్గరికి వద్దాం. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి కూడా సర్దేస్తాను అంటుంది అమ్మ. మాంసం వేసిన పచ్చళ్లు వద్దని ముందే చెప్పేయండి. చేపలు, రొయ్యలు, ఆవకాయ, పొడులు ఏవి పట్టుకెళ్లినా కస్టమ్స్ దగ్గర తిండి వస్తువులు ఉన్నాయని చెప్పాలి. చెప్తే, పనికిరానిది తీసి పక్కన పడేస్తారు. చెప్పకుండా దొరికితే జరిమానా. పచ్చి కరివేపాకు మాత్రం అస్సలు వద్దు. ఎందుకో తెలుసా? నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులుని మోసుకెళ్లే చిన్న పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది. కాలిఫోర్నియాలో నారింజ తోటలు పెద్ద వ్యాపారం. అందుకే అంత కట్టుదిట్టం. ఫ్రీమాంట్‌లో ఇండియన్ షాపులకి కొదవ లేదు, కరివేపాకు అక్కడే దొరుకుతుంది. రేటు చూసి అమ్మ ఒకసారి గుండె పట్టుకుంటుంది, అంతే.

మిక్సీ పట్టుకెళ్లొద్దు. మనది 230 వోల్టులు, వాళ్లది 120. మన మిక్సీ అక్కడ తిరగదు. ఫోన్ చార్జర్ మీద 100–240 అని రాసి ఉంటే చాలు, పిన్ను మార్చే ముక్క ఒకటి కొనుక్కుంటే పని చేస్తుంది. పోపు పెట్టే ముందు పొయ్యి పైన ఫ్యాను వెయ్యమని కూడా చెప్పండి. ఎండుమిర్చి ఘాటుకి ఇంట్లో పొగ అలారం మోగుతుంది. మొదటిరోజు ఆ మోతకి పెద్దవాళ్లు హడలిపోతారు.

ఫోన్లో చెయ్యాల్సినవి

ఇది మన డిపార్ట్‌మెంట్. ఒకటి, నాన్న ఇండియన్ సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ వైజాగ్‌లో ఉండగానే ఆన్ చేయించండి. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. రోమింగ్ లేకపోతే కరెంటు బిల్లు కూడా కట్టలేరు. రెండు, అక్కడి సిమ్ ఒకటి, అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి. ఇద్దరికీ కలిపి ఒక ఫోన్ అనొద్దు. మూడు, మ్యాప్‌లో ఫ్రీమాంట్‌ని ఆఫ్‌లైన్‌గా దించి, అక్క ఇంటిని "ఇల్లు" అని తెలుగులోనే సేవ్ చేయండి. నాలుగు, వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపడం ఇక్కడే పదిసార్లు ప్రాక్టీస్ చేయించండి. ఐదు, 911 ఎప్పుడు కొట్టాలో చెప్పండి: ప్రాణం మీదకి వచ్చినప్పుడు, మంటలు వచ్చినప్పుడు, పోలీసు కావాల్సినప్పుడు. అడ్రసు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

టైము లెక్క సులువుగా గుర్తుండేది ఒకటి చెప్తాను. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకీ వాళ్లకీ పన్నెండున్నర గంటల తేడా. అంటే అక్కడ రాత్రి 8 అయితే మనకి మర్నాడు పొద్దున్న 8:30. పగలు, రాత్రి తిప్పేసి అరగంట కలపడమే. చలికాలంలో ఇంకో గంట కలపండి. పెద్దనాన్నకి అర్ధరాత్రి వీడియో కాల్ వెళ్లకుండా ఉంటుంది.

డబ్బు సంగతి. షాపుల్లో మనలాగా యూపీఐ స్కాన్ చేసే పద్ధతి అక్కడ ఉండదు. అమ్మ చేతిలో కొంచెం డాలర్ల నోట్లు, ఒక కార్డు పెట్టండి. రేటు చీటీ మీద కనిపించే ధర కంటే బిల్లు ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అమ్మకం పన్ను చివర్లో కలుపుతారు. రాష్ట్రం పన్నే 7.25 శాతం, దాని మీద జిల్లా, ఊరి పన్నులు. వండని సరుకుల మీద మాత్రం చాలావరకు పన్ను ఉండదు. ఇది చెప్పకపోతే నాన్న కౌంటర్ దగ్గర బిల్లు పట్టుకుని నిలబడిపోతారు.

కారు లేకుండా తిరగడం

ముందు రోడ్డు దాటడం నేర్పాలి. నవ్వకండి, ఇది సీరియస్. అక్కడ బళ్లు కుడివైపు నడుస్తాయి. దాటేటప్పుడు మొదట ఎడమవైపు చూడాలి. అరవై ఏళ్ల అలవాటు అంత త్వరగా మారదు. రెండోది, ఎర్ర లైటు ఉన్నా కారు ఒకసారి ఆగి కుడివైపు తిరగొచ్చు అనే రూలు ఉంది. మనం నడిచే గుర్తు చూసి అడుగేస్తాం, పక్క నుంచి కారు తిరుగుతుంది. డ్రైవర్ మనల్ని చూశాడా లేదా అని చూసుకునే అడుగెయ్యాలి. స్తంభానికి ఉన్న బటన్ నొక్కితేనే నడిచే గుర్తు వచ్చే చోట్లు చాలా ఉన్నాయి. 2023 నుంచి కాలిఫోర్నియాలో ప్రమాదం లేనప్పుడు ఎక్కడ దాటినా ఫైన్ వెయ్యరు. అయినా ఆరు వరసల రోడ్డు మీద ఆ ధైర్యం చెయ్యొద్దు.

తర్వాత రైలు. బే ఏరియాలో బార్ట్ అనే రైలు ఉంది. 1972 సెప్టెంబర్‌లో మొదలైన రోజు నుంచే ఫ్రీమాంట్‌లో దానికి స్టేషన్ ఉంది. వార్మ్ స్ప్రింగ్స్ స్టేషన్ 2017లో వచ్చింది. క్లిప్పర్ అనే కార్డు తీసుకుంటే రైలుకీ, ఊళ్లో తిరిగే బస్సులకీ అదే సరిపోతుంది. 65 దాటినవాళ్లకి వయసు రుజువు చూపిస్తే రాయితీ కార్డు ఇస్తారు. శాన్ ఫ్రాన్సిస్కోకి రైల్లో వెళ్లి రావడం నాన్నకి బాగా నచ్చింది. ఒకసారి నేను తీసుకెళ్లాను, రెండోసారి ఆయన అమ్మని తీసుకెళ్లారు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన మొహం చూడాలి. మద్దిలపాలెం నుంచి ఒంటరిగా సిటీ బస్సులో వచ్చిన స్కూలు పిల్లాడిలా ఉన్నారు.

కారు ఎక్కితే ఒక రూలు: ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి వెనక సీట్లో వాళ్ల సైజు సీటు ఉండాలి. రెండేళ్ల లోపు పసివాళ్లకైతే మామూలుగా ఆ సీటు వెనక్కి తిప్పి పెట్టాలి. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను అంటే కుదరదు.

ఏం చూడొచ్చు?

సెంట్రల్ పార్కు, లేక్ ఎలిజబెత్. చెరువు చుట్టూ రెండు మైళ్ల దాకా చదునైన నడక దారి, బాతులు, కొండ. పార్కు పక్కనే పెద్ద లైబ్రరీ, పెద్దవాళ్ల కోసం సిటీ నడిపే సెంటర్ కూడా ఉన్నాయి. పొద్దున్న ఇక్కడికొస్తే పిల్లల్ని చూడ్డానికొచ్చిన మనవాళ్లు గుంపులుగా కనిపిస్తారు. అమ్మకి అక్కడే ఒక అనకాపల్లి ఆవిడ పరిచయమైంది. మర్నాటి నుంచి అమ్మ ఆరున్నరకల్లా బూట్లు వేసుకుని రెడీ. అమెరికా ట్రిప్‌లో ఆవిడకి బాగా గుర్తుండిపోయింది ఏంటని అడిగితే గోల్డెన్ గేట్ బ్రిడ్జి అనదు, ఈ నడకే అంటుంది.

నైల్స్. ఇది సినిమా పిచ్చి ఉన్న నాన్నలకి. ఎస్సనే అనే మూకీ సినిమాల కంపెనీకి 1912 నుంచి 1916 వరకు ఇక్కడ స్టూడియో ఉండేది. చార్లీ చాప్లిన్ 1915లో ఇక్కడ ఐదు సినిమాలు తీశాడు. వాటిలో ఒకటి ది ట్రాంప్. ఇప్పుడు అక్కడ మూకీ సినిమాల మ్యూజియం ఉంది. ఒకటే బజారు వీధి, నడిచి చూసెయ్యొచ్చు.

మిషన్ శాన్ హోసే. 1797లో స్పెయిన్ పాదరీలు స్థాపించిన చర్చి. 1868లో వచ్చిన భూకంపానికి పాత కట్టడం పడిపోయింది, ఇప్పుడున్నది 1985లో పాత నమూనాలో మళ్లీ కట్టింది. స్పెయిన్‌వాళ్లు రాకముందు ఇది ఒలోనీ అనే ఆదివాసుల నేల. వాళ్ల పాత నివాసాల జాడలు కొయోటీ హిల్స్ పార్కులో చూడొచ్చు. 1868 భూకంపం వచ్చిన హేవార్డ్ పగులు ఇప్పటికీ ఈ ఊరి కింద నుంచే పోతుంది. మనకి 2014లో హుద్‌హుద్ ఎలాగో వాళ్లకి అది అలాంటి జ్ఞాపకం. ఊగితే బయటికి పరిగెత్తకుండా, బల్ల కింద దూరి గట్టిగా పట్టుకోవాలని అమ్మానాన్నలకి చెప్పండి.

సెంటర్‌విల్‌లో అఫ్ఘాన్ హోటళ్లు, రొట్టెల షాపులు ఉన్నాయి. ఆ ప్రాంతాన్ని లిటిల్ కాబూల్ అంటారు. ఖాలెద్ హొస్సేనీ రాసిన ది కైట్ రన్నర్ నవలలో కొంత కథ ఈ ఊళ్లోనే జరుగుతుంది. మిషన్ పీక్ అని 2,517 అడుగుల కొండ ఉంది. అది మీకు, నాకు. పెద్దవాళ్లకి వద్దు. దారిలో నీడే ఉండదు. ఎండాకాలంలో కొండలన్నీ గోధుమ రంగులో ఎండిపోయి కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ వాన చలికాలంలోనే పడుతుంది. కారు దొరికిన రోజు లివర్‌మోర్‌లోని శివ విష్ణు ఆలయానికి వెళ్లండి. అక్కడ తెలుగు సంఘాల పండగలు, సిలికానాంధ్ర మనబడి పిల్లల కార్యక్రమాలు ఎప్పుడున్నాయో అక్కని ముందే కనుక్కోమనండి.

టికెట్ కొనే ముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సింది

ఇదే అన్నిటికంటే కష్టం. చాలా ఇళ్లలో పెద్దవాళ్ల ప్రయాణం పురుడుకో, పసిబిడ్డని చూసుకోడానికో ఉంటుంది. తప్పేం లేదు, అమ్మకి అదే ఆనందం. కానీ ఎన్ని గంటలు, వారంలో ఎన్ని రోజులు, సెలవు ఏ రోజు అని ఎవరూ మాట్లాడుకోరు. ఇక్కడ అరవై ఏళ్లు దాటిన మనిషికి అక్కడ పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా పాప డ్యూటీ, వంట డ్యూటీ పడుతుంది. బయటికెళ్లడానికి కారు లేదు. "అలిసిపోయాను" అని కూతురికి చెప్పడానికి మొహమాటం. ఆ మాట మనకే ఫోన్లో చెప్తారు, పదమూడు వేల కిలోమీటర్ల దూరం నుంచి.

కాబట్టి చిన్నోళ్లం మనమే మధ్యలో ఉండి మాట్లాడాలి. మా ఇంట్లో నేను అక్కతో నాలుగు విషయాలు అనుకున్నాను. ఇంటి తాళం ఒకటి అమ్మ దగ్గరే ఉండాలి. వారంలో ఒక రోజు అమ్మ వంట చెయ్యదు. శనివారం, ఆదివారాల్లో ఒక పూట ఎక్కడికెళ్లాలో నాన్న చెప్తారు. ఆరు నెలలు ఉండొచ్చు కదా అని ఆరు నెలలకి టికెట్ తియ్యం, మూడు నెలలకి తీద్దాం. అక్క మొదట చిన్నబుచ్చుకుంది, "మా అమ్మకి నేను రూల్స్ పెట్టాలా" అంది. తర్వాత తనే ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ అమ్మని లేక్ దగ్గర దింపడం మొదలుపెట్టింది.

పేపర్ మీద రాసుకునేవాళ్ల కోసం చివరిగా ఒకసారి: ఐ-94 తేదీ, ఇన్సూరెన్స్‌లో పాత జబ్బుల లైను, మందుల అసలు పేర్లు, ఇద్దరికీ చెరో సిమ్, క్లిప్పర్ కార్డు, ఇంటి తాళం. అక్క ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే మూడు చోట్లు ఏంటో ఇవాళే మ్యాప్ తెరిచి చూడండి. ఒక పార్కు, ఒక షాపు, ఒక బస్టాపు. ఆ మూడూ దగ్గర్లో లేకపోతే రోజుకి ఒకసారి ఎవరు దింపుతారో టికెట్ కొనక ముందే తేల్చుకోండి. 

వచ్చే ఎపిసోడ్‌లో వైజాగ్ నుంచి మొదటిసారి విమానం ఎక్కే పెద్దవాళ్లకి ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ సాయం ఎలా అడగాలో చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.